తోక మీద ఎర్రచుక్క

"స్టిక్కర్ కాదు. డెకాల్."

రాబర్ట్‌సన్‌పేట కొరియర్ ఆఫీసులో, అంతమంది ముందర, ముక్కూ మొహం తెలియని అమ్మాయి గిర్రున వెనక్కి తిరిగి ఈ మాట అనేసరికి నందీశ్ బిత్తరపోయాడు. పాపం, అతను సాయం చేద్దామనే నోరు తెరిచాడు. సాయం చేద్దామని నోరు తెరిచినవాడికి ఎక్కడైనా జరిగే మర్యాదే ఇక్కడా జరిగింది.

సంగతి ఏమిటంటే, కౌంటర్‌లో కూర్చున్న ఆంజనప్ప ఆ అమ్మాయి కవరు విప్పి చూశాడు. లోపల కాగితం మీద వరసగా ఎర్ర నక్షత్రాలు, పసుపు అంచు కట్టిన ఎర్ర అంకెలు, కంటికి ఆనని అక్షరాలు. యుద్ధ విమానాలకని ఆమే చెప్పింది. ఆ మాట వినగానే ఆంజనప్ప కవరును కౌంటర్ మీద ఇటు తోసేశాడు.

"మిలిటరీ సామానమ్మా ఇది. రేపు పోలీసోళ్ళు వస్తే నన్ను కదా పట్టుకొనేది."

"బొమ్మ విమానాలకు సార్. విమానం ఇంతే ఉంటుంది," అని ఆమె జానెడు కొలిచి చూపించింది.

"బొమ్మకు నంబరెందుకు?"

అన్న బోరు మోటారుకి సామాను వచ్చిందంటే తీసుకుపోదామని వచ్చి, వెనకాల నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్న నందీశ్ అప్పుడే కలగజేసుకున్నాడు. "స్టిక్కర్లే కదప్పా, పంపిచ్చేయ్. మా కంపెనీలో దినామూ అంటిస్తా ఉంటాము." దానికి వచ్చిన జవాబే పైన మొదట చెప్పినది.

"రెండిటికీ తేడా ఏమి?" అన్నాడు, కొంచెం రోషం వచ్చి.

"స్టిక్కర్ పీకి అంటిస్తారు. దీన్ని నీళ్ళలో నానబెట్టి, కాగితం మీద నుంచి మెల్లగా జార్చాలి. దీనికంటే ఉల్లిపొరే మందం. మీరు ముట్టుకుంటే చినిగిపోతుంది."

"నేను ముట్టుకుంటే చినగదు."

నరసాపురం బైకుల కంపెనీలో పెట్రోల్ ట్యాంకులకి స్టిక్కర్లు అంటించే సెక్షన్ అతనిది. ఒంటి మీద ఆ యూనిఫామ్ ఉంది కాబట్టి అంత ధైర్యంగా అన్నాడు. ఆమె అతన్ని చొక్కా జేబు నుంచి బూట్ల దాకా ఒకసారి చూసి, బ్యాగులోంచి ఎర్రచుక్క ఉన్న కత్తిరించిన ముక్క తీసి చేతిలో పెట్టింది. ఆంజనప్ప తాగే నీళ్ళ గ్లాసే దొరికింది. నందీశ్ ముక్కను ముంచి, కాసేపు ఆగి, బొటనవేలితో జార్చి, తూకం మెషిన్ అద్దం మీద పెట్టి చొక్కా అంచుతో అద్దాడు. ముడతా లేదు, బుడగా లేదు.

"నా మెషిన్ మీద యాలప్పా?" అని ఆంజనప్ప తల పట్టుకున్నాడు. కానీ ఇది పిల్లల ఆటేనని అతనికి నమ్మకం కుదిరింది, కవరు తీసుకున్నాడు. ఆ ఎర్రచుక్క ఇప్పటికీ ఆ తూకం మెషిన్ మీదే ఉంది. మీరు వెళ్తే చూడవచ్చు.

బయటికి వచ్చాక ఆమె మెట్ల మీద ఆగింది. "ఆదివారం మీకు లీవేనా?"

"యాల?"

"నేను గీస్తాను, ప్రింట్ చేస్తాను. అంటించడం మాత్రం రాదు నాకు. నా చేతులు పడితే విమానం యాక్సిడెంట్ అయినట్టుంటుంది. అంటించి ఫోటో పెడితేనే ఎవరైనా కొనేది. ఊరికే వద్దు, డబ్బులిస్తాను."

అతను డబ్బు వద్దన్నాడు. ఆ ఒక్క మాటతో తన గుట్టు సగం బయటపెట్టుకున్నానని అతనికి తెలియదు, ఆమెకి తెలిసింది.

*

ఆమె పేరు మేధ. నాన్న శ్రీనివాసమూర్తి బంగారు గనుల్లో టైమ్ ఆఫీసు గుమాస్తా. గనులు మూతపడ్డాక కూడా ఊరిగాంలోని పాత క్వార్టర్స్‌లోనే ఉండిపోయారు. మేధ బెంగళూరులో చదివి, రోజూ స్వర్ణా రైల్లో నిద్రపోతూ వెళ్ళి, నిద్రపోతూ తిరిగివచ్చే ఉద్యోగం కొన్నాళ్ళు చేసింది. ఒకరోజు మేనేజర్ మీద కోపం వచ్చి మానేసింది. ఇంటి వెనక కట్టెల షెడ్డు కడిగించి, ప్రింటర్ పెట్టి, డెకాల్స్ వ్యాపారం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక్కరికీ అదేమిటో అర్థం కాలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో బొమ్మ విమానాలు కట్టుకుంటూ కూర్చునేవాళ్ళు మాత్రం ఆమె పేరు చెప్పుకునేవారు. నల్ల రంగు మీద పెట్టినా చుక్క ఎర్రగానే కనబడేలా కింద తెల్ల పొర వేయడం ఆమెకి బాగా తెలుసు.

ఆదివారం నందీశ్ తన ఊరు క్యాసంబళ్ళి నుంచి తల దువ్వుకుని వచ్చాడు. షెడ్డు కిటికీ తెరిస్తే, గనుల్లో బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీది బూడిదరంగు దుమ్ము వచ్చి తడి డెకాల్ మీద పడుతుంది. అందుకని కిటికీ మూసేవాళ్ళు. మూసిన షెడ్డులో ఒకే విమానం మీద రెండు తలలు వంగితే ఎప్పుడో ఒకప్పుడు ఢీకొంటాయి, మొదటి రోజే ఢీకొన్నాయి.

"కండ్లు కనపడవా మీకు?" అంది మేధ నుదురు రుద్దుకుంటూ.

"కనపడబట్టే కదా."

ఆమె నవ్వు ఆపుకోవడానికి ప్రింటర్ వైపు తిరిగింది. ఆపుకోలేదని భుజాలు చెప్పాయి.

ఆ రోజు కట్టిన విమానం ఒంటి నిండా ఇసుకరంగు, మట్టిరంగు మచ్చలు. తోక మీద ఎర్రచుక్క. "ఇది రష్యా వాళ్ళదా?" అని అడిగాడు నందీశ్.

"కాదు, అమెరికాది. నడిపేవాడూ అమెరికావాడే. రంగులు మాత్రం శత్రువువి. అగ్రెసర్ అంటారు."

"సొంత విమానానికి శత్రువు రంగు యాల పూసేది?"

"శత్రువు ఎట్ల ఆలోచిస్తాడో బాగా చదువుకుని, అట్లనే వచ్చి తమ వాళ్ళ మీదే పడతారు. ఇక్కడ ఓడితే ఏమీ కాదు. కిందికి దిగి యాడ తప్పు చేసినామని మాట్లాడుకుంటారు. నిజం యుద్ధంలో ఓడకూడదని ఇదంతా."

"నాటకంలో రాక్షసుడి వేషం మాదిరి."

"అట్లనే అనుకోండి."

"అంత బాగా వేషం కడితే ఇంగ మనోడేనని ఎట్ల గుర్తుపట్టేది?"

మేధ భూతద్దం అతని చేతికిచ్చి, పైలట్ కూర్చునే చోటు కింద చూపించింది. చీమ తలంత అక్షరాల్లో ఏదో పేరు. "తోక మీద చుక్క ఎంత పెద్దదైనా వేసుకోనీ. ఇక్కడ పేరు మాత్రం మనోడిదే ఉంటుంది."

అతను ఆ పేరు చదవాలని చాలాసేపు భూతద్దం పట్టుకున్నాడు. నిజానికి అద్దంలో ఆమె వేలి గోరు పెద్దగా కనబడుతోంది, దాన్నే చూస్తున్నాడు.

*

'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు వచ్చారో ఇద్దరికీ గుర్తులేదు. మామిడి పూత రాలి పిందెలు పడే వేళకి మాత్రం పూర్తిగా మునిగిపోయారు. ఒకసారి రేకుల మీద వాన దబదబా కొడుతుంటే, నందీశ్ రెక్క మీద అంకె సర్దుతూ, తల ఎత్తకుండా, "నాకు నువ్వంటే ఇష్టం మేధా," అన్నాడు. వాన చప్పుడులో ఆమెకి వినబడలేదనుకుని మళ్ళీ అన్నాడు.

"మొదటిసారే వినపడింది. రెండోసారి కూడా వినాలని ఊరికే ఉండినాను," అంది మేధ. "అంకె వంకర పోయింది చూడు."

పోయింది. వంకర అంకెతోనే ఆ విమానం ఇప్పటికీ షెల్ఫ్ మీద ఉంది.

ఇక మిగిలింది శ్రీనివాసమూర్తి. బ్రాహ్మల ఇంటి పిల్ల, రాగులూ పట్టుపురుగులూ పాడిపశువులూ ఉన్న రైతు ఇంటి పిల్లవాడు. ఆయన ఒప్పుకోడని ఇద్దరూ తేల్చేసుకున్నారు. ఆయన్ని అడగలేదు. తేల్చేసుకున్నారంతే.

"నాన్న ముందర నాకు నోరు లేవదు," అంది మేధ. "రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు చూడు, అప్పుడే నాకు సగం ప్రాణం పోతుంది." కాసేపు విమానాన్ని అటూ ఇటూ తిప్పి, హఠాత్తుగా తల ఎత్తింది. "నువ్వు నాన్నవు అవు."

"ఏమి?"

"అగ్రెసర్. నువ్వు నాన్న మాదిరి నా మీద పడు. నేను జవాబు చెప్తా పోతాను. ఇక్కడ ఓడితే ఏమీ కాదు కదా."

ప్రేమించినవాడు ఏ వేషమైనా కడతాడు. మేధ లోపలికి వెళ్ళి నాన్న పాత మఫ్లర్ తెచ్చి అతని మెడకి చుట్టింది. నవ్వకూడదు, మఫ్లర్ ఉన్నంతసేపు మేధా అని పిలవకూడదు, అయ్యాక ఎక్కడ తడబడిందో చెప్పాలి. ఇవీ షరతులు. నందీశ్ పేపర్‌ను బుల్లి మడతలు పెట్టి, రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఏమి తల్లీ, ఇది లెక్కకు రాదే," అన్నాడు. అచ్చు ఆయనే. మేధ పొట్ట పట్టుకుని నవ్వింది. మొదటి ఆదివారం అట్లా నవ్వులకే సరిపోయింది.

తరవాత తరవాత ఆట కుదురుకుంది.

"ఆ అబ్బాయిది పర్మనెంట్ ఉద్యోగం కాదంటనే తల్లీ."

"మీ గని పర్మనెంటే కదా నాన్నా. ఏమాయె?"

నందీశ్ మఫ్లర్ ఊడదీశాడు. "ఈ మాట నిజంగా అనద్దు మేధా. ఆయన నొచ్చుకుంటాడు."

"నువ్వు ఆయన పక్షమా, నా పక్షమా?"

"మఫ్లర్ ఉంటే ఆయన పక్షం. లేకుంటే నీ పక్షం."

కులం మాట తెస్తే, "మన వాళ్ళు రెండు దినాలు మాట్లాడతారు, మూడో దినం ఇంకెవరి గురించో మాట్లాడతారు," అంది. అమ్మ కుముద ఏడుస్తుందంటే, "అమ్మ సీరియల్ చూసి కూడా ఏడుస్తుంది," అంది. మేధ గొంతు నిలబడింది, చూపు నిలబడింది. నందీశ్‌కి గర్వంగా ఉండేది, దాంతోపాటు చిక్కు కూడా వచ్చిపడింది. అతని దగ్గర బాణాలు అయిపోతున్నాయి.

"నువ్వు మెత్తగా కొడతా ఉండావు," అని కసిరింది మేధ. "ఇట్లయితే నిజం నాన్న ముందర నేను పడిపోతాను. గట్టిగా కొట్టు నందీశా. దెబ్బ తగలాల."

శత్రువును చదవాలి కదా అని నందీశ్, మొదటి షిఫ్ట్ అయిన రోజుల్లో, సాయంత్రం ఊరిగాం స్టేషన్‌కి వచ్చి శ్రీనివాసమూర్తి పక్కన బెంచీ మీద కూర్చోసాగాడు. స్వర్ణా రైలు వచ్చే వేళకి ఆయన అక్కడ ఉంటాడు. ఎవరినీ ఎక్కించడానికీ కాదు, దించుకోవడానికీ కాదు. గని కూత ఆగిపోయి ఇన్నేళ్ళయినా ఒంట్లో షిఫ్టు టైము పోలేదని, రైలు కూతైనా వింటే కాస్త నిమ్మళమని ఆయనే చెప్పాడు. మీ ఊళ్ళో మామిడి ఎట్ల ఉండాది, పాలు డైరీకి పోస్తారా, మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగేవాడు. నందీశ్ ఆయనలో శత్రువు కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికి పోయేటప్పుడు తన గొడుగు ఇచ్చి పంపే మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

మరి మేధేమో గట్టిగా కొట్టమంటోంది. బయట బాణం దొరక్క, అతను తన ఇంట్లోంచే ఒకటి తీశాడు.

*

ఆ ఆదివారం కూడా వాన. మేధ షెడ్డు తలుపు దగ్గరగా వేసి, మఫ్లర్ అతని మెడకి తనే చుట్టి, చివర కొంచెం లాగి నవ్వింది. "రండి నాన్నా."

నందీశ్ గొంతు సవరించుకున్నాడు. "పెండ్లయినంక ఈ ప్రింటరు ఏమవుతాది తల్లీ?"

"నాతో వస్తుంది."

"వస్తాది. ఆ పిల్లోడి ఇంటికి పుష్పావతి అని పెద్దకోడలు వచ్చింది. కుట్టు మిషన్ తెచ్చుకొనింది. క్యాసంబళ్ళిలో ఆడోళ్ళందరికీ ఆ పిల్లే జాకెట్లు కుట్టేది. మొదట్లో అందరికీ ముచ్చటే. తరవాత ఇంటి పని అయినంక కుట్టుకో అన్నారు. పని యాడ అవుతాది? ఆవులు, పాలు, పురుగులకు ఆకు. ఒకదినం ఎవురో ఆ మిషన్ మీద పట్టుపురుగుల తట్ట పెట్టినారు, ఒక్క పూటకు. దాని మీద ఇంకొకటి. ఎవురూ కుట్టద్దనలేదు తల్లీ. ఎవురూ అరవలేదు. అట్లనే ఆగిపోయింది."

అతనికి తన మాట తనకే నచ్చింది. ఇన్ని వారాల్లో ఇంత బాగా ఎప్పుడూ కొట్టలేదనుకున్నాడు. మెప్పు కోసం మేధ మొహం వైపు చూశాడు.

మేధ నవ్వడం లేదు.

"నాన్నకు పుష్పావతి ఎవరో తెలీదు," అంది నెమ్మదిగా. "ఇది ఎవరు చెప్తా ఉండారు?"

"ఆట కదా మేధా. గట్టిగా కొట్టమంటివి."

"మఫ్లర్ తీసి చెప్పు. ఆ మిషన్ మీద తట్టలు ఉండేది నిజమేనా?"

నందీశ్ మఫ్లర్ ఊడదీశాడు. "నిజమే."

"దినామూ చూస్తా ఉంటావా?"

"ఇంట్లోనే కదా ఉండేది."

"రేపు నా ప్రింటర్ కూడా అట్లనే అయితే? నన్ను ఆపుతారా మీ ఇంట్లో?"

"ఎవురూ ఆపరు మేధా," అన్నాడు నందీశ్. అన్నాక, ఇందాక మఫ్లర్‌తో అన్న మాటే ఇప్పుడు మఫ్లర్ లేకుండా అన్నానని అతనికి తట్టింది. తట్టినా నాలుక వెనక్కి తీసుకోలేకపోయాడు.

"నరసాపురంలో ఇల్లు తీసుకుందామా? మనిద్దరమే."

ఆ క్షణంలో అతను సరే అనవలసింది. ఏమీ ఆలోచించకుండా, అబద్ధమైనా సరే, సరే అనేస్తే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ అతనికి అమ్మ చిన్నవెంకటమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి, పొద్దున్నే పాలు పిండే అన్న గుర్తొచ్చాడు.

"చూద్దాం," అన్నాడు.

మేధ తలూపింది. మఫ్లర్‌ను మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆట అయ్యాక ఎక్కడ తడబడ్డామో మాట్లాడుకోవాలన్నది షరతు కదా. ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. పళ్ళెంలో నానబెట్టిన డెకాల్ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఎక్కువసేపు నానితే జిగురంతా నీళ్ళలో కలిసిపోతుంది, ఇక ఎక్కడ పెట్టినా నిలవదు. నందీశ్ దాన్ని రెండుసార్లు రెక్క మీద పెట్టి చూసి, ఊరుకుని, వానలోనే వెళ్ళిపోయాడు.

*

తరవాత మేధ ఫోన్ ఎత్తలేదు. వచ్చే ఆదివారం పని లేదని మాత్రం మెసేజ్ పెట్టింది.

మొదటి షిఫ్ట్ అయ్యి కంపెనీ బస్సు క్యాసంబళ్ళిలో దింపేసరికి, టీ అంగడి ముందర స్కూటర్ ఆపుకుని శ్రీనివాసమూర్తి కూర్చున్నాడు. ఎండలో కూడా మెడకి మఫ్లర్ ఉంది. అదే మఫ్లర్.

"రాప్పా, టీ తాగుదాము," అన్నాడాయన. టీ వచ్చింది. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం ఆదివారం బొమ్మలకు చుక్కలు అంటించేదానికి అంత బాగా తల దువ్వుకొని ఎవుడైనా వస్తాడా నందీశా? నాకూ కుముదకూ ఎప్పుడో తెలుసు."

నందీశ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"మాకు ఏ అభ్యంతరమూ లేదు. మా చుట్టాలు నాలుగు మాటలంటారు, అంటే పడతాము. నువ్వు మంచి పిల్లోడివి. పిల్లే వచ్చి చెప్తాదని చూసినాము. చెప్పలా. సరే అని మొన్న నేనే అడిగినాను, నందీశ్‌వాళ్ళ ఇంటికి పోయి మాట్లాడేదా తల్లీ అని."

"ఏమనింది సార్?"

"వద్దు నాన్నా అనింది. అంతే. యాల అంటే చెప్పదు. ఏడుస్తాది, చెప్పదు." ఆయన మొహంలో కోపం లేదు, ఏమీ అర్థంకాని దిగులు ఉంది. "ఏమన్నావప్పా దాంతో?"

నందీశ్ ఏం చెప్పాలి? మీ వేషం కట్టి, మీరు కలలో కూడా అనని మాటలు అన్నాను సార్ అని చెప్పాలా?

"నేను వద్దంటాననుకున్నారు కదా ఇద్దరూ?" అన్నాడు శ్రీనివాసమూర్తి. "నన్నొక మాట అడిగి ఉంటే పోయేది కదప్పా."

*

ఆయన స్కూటర్ వెనకాలే కూర్చుని నందీశ్ ఊరిగాం వెళ్ళాడు. మేధ షెడ్డులో తెల్ల పొర ప్రింట్ చేస్తోంది. తెల్ల కాగితం మీద తెల్ల చుక్కలు, ఏమీ కనబడటం లేదు. తల ఎత్తి చూసి, స్టూలు జరిపింది.

"మీ నాన్న ఒప్పుకున్నాడు మేధా."

"తెలుసు."

"ఆయన అట్లాంటోడు కానే కాదు. మనం ఊరికే..."

"తెలుసు నందీశా. నాన్నతో కొట్లాడాల్సిన పనే లేకపోయె." ఆమె చిన్నగా నవ్వింది, కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. "అన్ని జవాబులు నేర్చుకుంటిని. ఒక్కటీ అక్కరకు రాలా."

"ఆ దినం నేను చెప్పింది నా మాట కాదు. నాన్న మాదిరి చెప్పమంటివి, చెప్పినాను. నీ ప్రింటర్ మీద ఎవురూ తట్ట పెట్టరు. నేను పెట్టనీను. నరసాపురంలోనే ఇల్లు తీసుకుందాము. ఒట్టు."

మేధ అతని చెయ్యి తీసుకుంది. ముడత పడకుండా డెకాల్ పెట్టే ఆ చేతిని ఆమె చాలా ఇష్టపడింది. "నీ మాదిరి మాట్లాడినప్పుడు చూద్దాం అన్నావు. నాన్న మాదిరి మాట్లాడినప్పుడు నిజం చెప్పినావు. నేను దేన్ని నమ్మేది?"

అతను షెల్ఫ్ మీది వంకర అంకె విమానం వైపు చూశాడు.

"మీ అన్న చెడ్డోడా?"

"లేదు. బంగారు లాంటోడు."

"వదినను ఎప్పుడైనా ఒక మాట అనినాడా?"

"ఎప్పుడూ లేదు."

"నువ్వు కూడా మంచోడివే నందీశా. అదే నా భయం. చెడ్డోడైతే కొట్లాడచ్చు. మీరంతా మంచోళ్ళు. ఎవరితో కొట్లాడేది నేను?"

బయట గాలి లేచి, మూసిన కిటికీ మీద దిబ్బ దుమ్ము గరగరమంది. మేధ షెల్ఫ్ మీద నుంచి కొత్త విమానం తీసింది. నల్ల ఒళ్ళు, తోక మీద ఎర్రచుక్క. అన్నీ ఆమే అంటించింది. చుక్క పక్కకి పోయింది, రెక్క మీద ముడతలున్నాయి. పైలట్ కూర్చునే చోటు కింద మాత్రం ఇంగ్లీషులో చీమ తలంత పేరు సరిగ్గా కూర్చుంది. నందీశ్ అని.

"నీ పుట్టినరోజుకని ఎప్పుడో ప్రింట్ చేసి పెట్టుకుంటిని," అంది. "నా చేత్తో అంటించిన వాటిల్లో ఇదొక్కటే సరిగ్గా వచ్చింది. తీసుకుపో."

"మేధా, ఒక్కసారి..."

"నాకు నువ్వంటే ఇష్టం నందీశా. ఇది రెండోసారి చెప్పించుకోవద్దు."

కుముద కాఫీ తెచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. ఆ కాఫీ ఎవరూ తాగలేదు.

*

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరి, నందీశ్ బట్టలు కూడా మార్చకుండా నేరుగా వెనక వసారాలోకి వెళ్ళాడు. కుట్టు మిషన్ మీది తట్టలు ఒక్కొక్కటే దించి గోడవారగా పెట్టాడు. దుమ్ము తుడిచాడు. చక్రం బిగుసుకుపోయి ఉంది. కొబ్బరినూనె వేసి, అటూ ఇటూ కదిపి, చివరికి తిప్పాడు. మూలిగినట్టు చప్పుడు చేసి తిరిగింది.

పుష్పావతి మల్బరీ ఆకు గంపతో వచ్చి అలాగే నిలబడిపోయింది. "ఏమప్పా, అమ్మేస్తా ఉండారా?"

"లేదొదినా. నీకే. కూచొని కుట్టుకో."

"నేనా?" ఆమె గంప దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, మిషన్ మీద వేళ్ళు ఆనించింది. సూది దగ్గర, పైన కొక్కెం దగ్గర, మళ్ళీ సూది దగ్గర వెతికింది. "దారం యాడ్నుంచి యాడికి ఎక్కించేదో మర్చేపోయినానప్పా," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నందీశ్ తల దించుకున్నాడు. "తట్టలు తడి గోడకు పెట్టినావే, పురుగులు సచ్చిపోవా?" అని ఆమె మళ్ళీ గంప ఎత్తుకుంది.

పొద్దున అతను యూనిఫామ్ వేసుకుని వసారాలోకి వచ్చేసరికి తట్టలు మళ్ళీ మిషన్ మీదే ఉన్నాయి.

"ఎవురు పెట్టినారమ్మా?" అని అడిగాడు.

చిన్నవెంకటమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటూ వంటింట్లోకి చూసింది. వంటింట్లోంచి పుష్పావతి పశువుల కొట్టం వైపు చూసింది. అన్న పాలక్యాన్ మూత బిగిస్తూ, "నేను పెట్టలేదప్పా," అన్నాడు. నిజంగానే ఎవరికీ గుర్తులేదు.

నందీశ్ చేతులు చాచి పైతట్ట పట్టుకున్నాడు. రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. తట్టలో పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు చిన్నగా వినిపిస్తోంది.

సాయంత్రం వచ్చి చూద్దాంలే అనుకుని, తట్ట వదిలి, బూట్లు వేసుకున్నాడు.